చావులు తగ్గాయి, మంద ఎందుకు తగ్గింది? మక్తల్ వైపు ఒక గొర్రెల మంద కేస్ స్టడీ

రిజిస్టరు లెక్కలో చూస్తే ఈ కేసు సక్సెస్ కిందకే వస్తుంది. నారాయణపేట జిల్లాలో మక్తల్ దాటాక, కృష్ణకు దగ్గరగా ఉన్న ఊరి మంద ఇది. గొర్రెలను, మేకలను విరేచనాలతో చంపే పారుడు రోగం వచ్చి కుదేలైపోయింది. తర్వాతి మూడు నాలుగేళ్లలో టీకాలు గాడిన పడ్డాయి, గొర్రె పిల్లల సాకుడు మారింది, చావులు బాగా తగ్గాయి. అయినా రోగానికి ముందు 180 దాకా ఉన్న జీవాలు ఇప్పుడు 110కి అటూ ఇటూగా ఉన్నాయి. రోగం మింగింది కొంత. ఆ తర్వాత మంద మళ్లీ పెరిగింది కూడా. పెరిగాక వాళ్లే అమ్మి తగ్గించుకున్నారు. ఎందుకు తగ్గించారో, అది తెలివైన పనో కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాలాంటి పశువైద్యుడి చేతిలో ఉండేది టీకా, మందు, నాలుగు మాటల సలహా. మంద ఎంత ఉండాలో తేల్చేది మాత్రం వేరే లెక్క.

కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను. పేర్లు, ఊరు వద్దనుకున్నాం.

మంద, మనుషులు

కురుమ కుటుంబం. తండ్రి మందకు పెద్ద, ఇద్దరు కొడుకులు. మూడెకరాల ఎర్ర చెలక ఉంది, బోరు లేదు. గొర్రెలతో పాటు పది పన్నెండు మేకలు. ఒకప్పుడు మంద అంతా నల్ల గొర్రెలే, అంటే దక్కనీ. బొచ్చు ఏడాదికి రెండుసార్లు కత్తిరించేవాళ్లు, ఇంట్లో ఆడవాళ్లు వడికేవాళ్లు, గొంగడి నేసేవాళ్లు పక్క ఊళ్లోనే ఉండేవాళ్లు. ఇప్పుడు బొచ్చు కొనేవాడు లేడు, కత్తిరింపు కూలి మీద పడుతుంది. మరోపక్క మాంసం ధర పెరిగింది. అందుకే ఈ ప్రాంతమంతా చేసినట్టే వీళ్లూ నెల్లూరు పొట్టేళ్లను తెచ్చి కట్టించారు. నెల్లూరు దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె జాతి. పిల్ల త్వరగా ఎదుగుతుంది, ఒంటి మీద బొచ్చు ఉండదు, సంతలో చూపుకు నిలబడుతుంది. పోయింది ఏమిటంటే నడక. ముసురు పట్టినా, ఎండలో దూరం తోలినా నల్ల గొర్రె తట్టుకున్నంతగా ఈ క్రాసు తట్టుకోదని మంద పెద్ద అంటాడు. నేను చూసినదీ అదే. వానాకాలం గిట్టల పుండ్ల కేసుల్లో ఎక్కువగా నా ముందుకొచ్చేవి ఈ పొడుగు కాళ్ల జీవాలే.

మంద ఏడాది పొడవునా ఎక్కడ తిరుగుతుందో తెలియకపోతే ఈ కేసులో ఏదీ అర్థం కాదు. మృగశిర కార్తెలో వాన పడ్డాక ఊరంతా విత్తనం వేస్తారు. అప్పటినుంచి మందకు మిగిలేది గుట్టలు, బీళ్లు, చెరువు కట్ట, రోడ్డు పక్కలు. దసరా నుంచి ఒక్కో పైరూ కోతకు వస్తుంది. కంది కోశాక ఆ చేలల్లో రాలిన ఆకు, కాయ జీవాలకు పండగ. పత్తి ఏరడం అయిపోయాక ఆ మోళ్లలోనూ మేపుతారు. రాత్రికి ఎవరో ఒక రైతు చేలో మంద నిలుపుతారు. చేనుకు పెంట, మూత్రం దక్కుతాయి, కాపరికి రాత్రికింత అని డబ్బు వస్తుంది. మునుపు జొన్నలే ఇచ్చేవాళ్లు. ఎండలు ముదిరాక నీళ్లున్న దిక్కుకు వలస. జూరాల కాల్వల కింద వరి కోసిన మళ్లు, కృష్ణ ఒడ్డు, తండ్రి వయసులో ఉన్నప్పుడైతే నల్లమల దాకా. మళ్లీ తొలకరికి ఊరు.

ఇందులో సొంత భూమి మీద మేపు దాదాపు ఏమీ లేదని గమనించండి. గొర్రె తమది, మేత ఊరందరిది. బలమూ అదే, బలహీనతా అదే.

రోగం వచ్చిన తీరు

వానాకాలం చివర్లో ముప్పై దాకా గొర్రెలు సంతలో కొని తెచ్చి అదే రోజు మందలో కలిపారు. పది పన్నెండు రోజులకు రెండు మేకలు మేత మానేశాయి. ఆ తర్వాత వారం తిరక్కుండా సగం మంద మూలుగుతోంది. జ్వరం 105 డిగ్రీల దాకా. కళ్లు, ముక్కు నుంచి మొదట నీళ్లు, తర్వాత చిక్కటి చీము. చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు పొర. నీళ్ల విరేచనాలు, ఎగశ్వాస. సూడి గొర్రెలు కొన్ని ఈసుకుపోయాయి, అంటే నెలలు నిండకముందే కడుపు పోయింది.

వాళ్లు నన్ను పిలిచేసరికే మెడికల్ షాపులో తెచ్చిన ఆక్సీటెట్రాసైక్లిన్ సూదులు రెండు దఫాలు పడ్డాయి. మూతివాపు (నీలి నాలుక వ్యాధి) అనుకున్నారు. ముందటి ఏడు నీలి నాలుక వ్యాధి వచ్చి మూతులు వాచాయి కాబట్టి ఆ అనుమానం సహజమే. అయితే మూతివాపులో పెదాలు, ముఖం వాస్తాయి, గిట్ట పైన చర్మం ఎర్రబడి కుంటుతాయి, మేకలకు అంతగా అంటదు. ఇక్కడ మొదట పడినవే మేకలు. వాపు లేదు, పారుడు ఉంది. చనిపోయిన పిల్లను కోసి చూస్తే పెద్ద పేగు లోపలి మడతల మీద ఎర్రటి చారలు, ఊపిరితిత్తుల్లో గట్టిపడిన ముక్కలు. పారుడు రోగమే, అంటే పీపీఆర్ అని చాలావరకు అక్కడే తేలింది. నమూనాలు హైదరాబాద్ ల్యాబుకు పంపితే అదే ఖరారైంది.

వైరస్‌కు మందు లేదు. పైన చేరే బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్, ఒంట్లో నీరు తగ్గకుండా సెలైన్, నోరు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడిగి బోరిక్ గ్లిజరిన్ రాయడం, అంతే మా వంతు. తిండి తినలేని జీవాలకు ఇంట్లో ఆడవాళ్లు పలుచటి జావ కాచి రోజుకు నాలుగైదుసార్లు పట్టారు. బతికినవాటిలో చాలా భాగం ఆ జావతో బతికాయని నా అభిప్రాయం. రోగం తగలని పొరుగు మందలకు, అదే చెరువులో నీళ్లు తాగే వాటికి వరసగా టీకా వేశాం. నలభై దాకా చనిపోయాయి, ఎక్కువ ఏడాది లోపువే.

ఒక విషయం మా రిపోర్టుల్లో ఎక్కడా రాయం. రోగం మొదలైన మూడో రోజుకే బేరగాడు వచ్చాడు. పడిపోబోయే జీవాలను సగానికి సగం ధరకు ఎత్తుకుపోయాడు. రోగం మండలాలు దాటేది ఈ దారినే. అమ్మొద్దని మేం చెబుతాం. కానీ మర్నాడు చావబోయే గొర్రెకు ఈ రోజు మూడు వేలు వస్తుంటే కాపరి ఎందుకు వదులుకుంటాడు? బీమా అందని చోట బేరగాడే బీమా కంపెనీ. కాపరికి నష్టం పూడ్చే వేరే దారి చూపకుండా రోగాన్ని అక్కడికక్కడ కట్టడి చేయడం కుదరదు. 2030 కల్లా పీపీఆర్‌ను ప్రపంచంలో లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. మన దేశంలో ఈ రోగాన్ని మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు. మంచి టీకా మన దగ్గరే ఉంది, ఒక్క డోసు మూడేళ్ల దాకా కాపాడుతుంది. టీకాకు ఉన్న శక్తి సంతలో తనిఖీకి, బీమాకి లేదు.

కార్తెల క్యాలెండర్

రోగం తగ్గాక ఏం చేశామో చెబుతాను. కొత్తదేమీ కాదు, పుస్తకాల్లో ఉన్నదే. మందకు సరిపోయేట్టు మలచడంలోనే పని ఉంది.

ఆఫీసు క్యాలెండర్లో టీకా తేదీలు నెలల్లో ఉంటాయి. మంద పెద్దకు నెలలతో పనిలేదు, కార్తెలతో పని. అందుకే షెడ్యూల్ మొత్తం కార్తెల్లోకి మార్చి ఇంటి గోడ మీద రాయించాం. చిటుకు రోగానికి కృత్తికలో ఒక డోసు, రెండో డోసు రోహిణిలో. తొలకరికి మొలిచే లేత గడ్డి ఒక్కసారిగా మేసినప్పుడు పేగుల్లో క్రిములు విషం చిమ్మడం వల్ల వచ్చే రోగం అది. బక్కవాటిని వదిలేసి నిగనిగలాడే పిల్లలనే ఎత్తుకుపోతుంది. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి ఉండదు. వాన పడకముందే టీకా పడాలి. మూతివాపు చిన్న దోమల వల్ల వస్తుంది, వానాకాలం చివర, చలి మొదట్లో దాని జోరు. కాబట్టి ఆ టీకా మఖలో. పీపీఆర్ పెద్ద జీవాలకు మూడేళ్లకోసారి, ఏటా పుట్టిన పిల్లలకు నాలుగో నెల దాటాక.

టైమింగ్ గురించి ఒక మాట. మంద పొద్దున ఏడు, ఎనిమిది మధ్య కదులుతుంది. పది గంటలకు ఐస్ బాక్సుతో దిగే మాకు కనిపించేది ఖాళీ దొడ్డి. టీకా శిబిరాలు ఫెయిలయ్యేది నిర్లక్ష్యం కంటే ఈ గంటల తేడా వల్లే ఎక్కువ. ఈ మందకు టీకాలన్నీ తెల్లవారుజామున, చేలో మంద నిలిపిన చోటే వేశాం. పీపీఆర్ టీకా కలిపాక ఎక్కువసేపు నిలవదు, చల్లగానే ఉండాలి, కాబట్టి ఆ వేళ దానికీ మంచిదే.

కొత్తగా కొన్నవాటిని నెల రోజులు విడిగా ఉంచాలని చెప్పడం తేలిక. మేపేవాడు ఒక్కడు, మందలు రెండు ఎలా అవుతాయి? బంధువుల మామిడి తోటలో కంచె ఉంది. తోటకు ఎరువు వస్తుందని వాళ్లూ ఒప్పుకున్నారు. కొత్త జీవాలు ఆ నెలంతా అక్కడే. ఆ తోట దొరక్కపోయి ఉంటే ఈ సలహా కాగితం మీదే ఉండేది.

పురుగు మందు విషయం క్లుప్తంగా చెబుతాను. మందంతటికీ రెండు నెలలకోసారి ఆల్బెండజోల్ తాగించే అలవాటు మాన్పించాం. కింది కనురెప్ప తిప్పి చూసి, పాలిపోయిన వాటికే తాగిస్తున్నారు. మందు ఖర్చు తగ్గింది, మందు పనిచేయడమూ మిగిలింది.

అసలైన మార్పు పిల్లల దగ్గర వచ్చింది. తల్లి రోజంతా మేతకు పోతుంది, పిల్ల ఇంటి దగ్గర ఉంటుంది. పొద్దున, సాయంత్రం రెండు పూటలే పాలు. పిల్లల పని మొత్తం ఆడవాళ్లదే, అయినా మా శిక్షణలకు పిలిచేది మగవాళ్లను. ఈ ఇంట్లో పెద్దకోడలితో మొదలుపెట్టాం. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, బొడ్డుకు అయోడిన్. గంప కింద తడి నేల మీద మూసిపెట్టే బదులు, మొరం పోసి సున్నం చల్లి ఎత్తు చేసిన అరుగు మీద గోనె పరిచి ఉంచడం. చలికాలం రాత్రుళ్లు నిమోనియాతో పోయే పిల్లలు దీనితోనే సగానికి తగ్గాయి. మూడో వారం నుంచి అందేంత ఎత్తులో సుబాబుల్, అవిశె కొమ్మలు వేలాడదీయడం, గుప్పెడు మక్కరవ్వ, పల్లిచెక్క పెట్టడం. సూడి గొర్రెలకు ఈనే ముందు నెలలో చిటుకు టీకా పడితే ఆ రక్షణ ముర్రుపాలతో పిల్లకూ అందుతుంది. మొదట నూరు పుడితే పాతిక ముప్పై పోయేవి. ఇప్పుడు పది లోపే.

పిల్లలు బతికితే అమ్మకం కూడా మారుతుంది. మునుపు మూడు నెలల పొట్టేలు పిల్లల్ని గుత్తగా, చూపు బేరానికి ఇచ్చేసేవాళ్లు. ఎప్పుడు చస్తుందో తెలియని పిల్లను ఆరు నెలలు ఉంచడానికి ధైర్యం చాలదు. ఇప్పుడు ఏడో నెల దాకా ఉంచుతున్నారు, పాతిక కిలోలు దాటాక తూచి అమ్ముతున్నారు. వేలాడదీసే తక్కెడ కొన్నారు. తూకమంటే మొదట మొహం తిప్పుకున్న బేరగాళ్లే బక్రీదుకు, దసరాకు ముందు వచ్చి తూచుకుని పోతున్నారు.

ఇక తగ్గుదల

ఇంతవరకూ చదివినవాళ్లు మంద పెరిగి ఉండాలనే అనుకుంటారు. పెరిగింది కూడా. రోగం తర్వాత రెండో ఏటికి 160 దాటింది. అప్పుడు పెద్ద ఒక మాట అన్నాడు: "డాక్టర్ సాబ్, మీరు బతికిస్తున్నరు, మేం యాడ మేపాలె?"

వాళ్లతో కలిసి మేత బాట నడిచాను. ఇరవై ఏళ్ల కిందట ఈ దిక్కున వానాకాలం ఒక్క పంటే. జూరాల కాల్వలు, భీమా ఎత్తిపోతల నీళ్లు, వాటికి తోడు బోర్లు వచ్చాక చాలా చోట్ల రెండు పంటలూ వరి. నీళ్లు రావడం చెడ్డదని ఎవరంటారు? వలసపోయే పాలమూరుకు నీళ్ల విలువ తెలుసు. కానీ కోతకూ దుక్కికీ మధ్య ఒకప్పుడు నెలల తరబడి ఖాళీగా ఉండే చేలు ఇప్పుడు కొన్ని వారాలే ఖాళీ. ఆ వారాల్లోనూ మిషన్ కోశాక మిగిలిన గడ్డికి నిప్పు పెట్టేవాళ్లు ఉన్నారు. గట్ల మీది గరికను కలుపు మందు చంపుతోంది. వరి మళ్ల తడిలో మేపితే గిట్టల పుండ్లు, కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు). గైరాన్ (ఊరుమ్మడి మేత) భూముల్లో కొంత ఇళ్ల స్థలాలకు, కొంత మొక్కల పెంపకానికి పోయింది, గుట్ట చుట్టూ కందకం తవ్వారు.

అయితే మేత తగ్గడం సగం సంగతే. మిగతా సగం మనిషి. బీడు మీద ఇద్దరు మనుషులు రెండొందల జీవాలను అలవోకగా మేపుతారు. ఒకరు ముందు, ఒకరు వెనక. నాలుగు వైపులా పచ్చటి పైరు ఉన్న బాట మీద అదే మందను ఇద్దరు ఆపలేరు. నాలుగు గొర్రెలు వరిలో దూరితే ఊరి పెద్దల ముందు జరిమానా, మాటలు, ఒక్కోసారి దెబ్బలు. సాగు ఎంత చిక్కబడితే ఒక్కో మనిషి కాయగల జీవాలు అంత తగ్గిపోతాయి. పైరుకూ పైరుకూ మధ్య బండి బాట మీద ఇద్దరు మనుషులు నూరు, నూటపదికి మించి తోలలేరని పెద్ద లెక్క. ఈ లెక్క మా శాఖ కాగితాల్లో ఎక్కడా చూడలేదు నేను. దాణా లెక్కలు ఉంటాయి, షెడ్డు కొలతలు ఉంటాయి, ఎన్ని కళ్లు కావాలో ఉండదు.

కళ్లు కూడా తగ్గాయి. చిన్నకొడుకు హైదరాబాద్ వెళ్లి కారు నడుపుతున్నాడు. పెద్దవాడి పిల్లలు బడికి పోతున్నారు, మందకు రానివ్వడం లేదు, రానివ్వకూడదు కూడా. జీతగాణ్ని పెట్టుకుందామంటే ఏడాది జీతం, తిండి, చెప్పులు, గొంగడి కలిపి ఎన్ని గొర్రె పిల్లల ధరో లెక్క వేసుకున్నారు. పైగా దొరకడం లేదు. గొర్లు కాసే పిల్లగానికి పిల్లనిస్తలేరని ఆ ఇంటి తల్లి నవ్వుతూనే అంది, నవ్వులాట మాట మాత్రం కాదది.

అందుకే ఏరివేశారు. నోరు కలిసి పళ్లు ఊడుతున్న ముసలి గొర్రెలు, రెండు ఈతలు తప్పినవి, పాలు చాలని తల్లులు, అన్నీ పోయాయి. మిగిలిన 110 తండ్రీ పెద్దకొడుకూ మేపగలిగినంత మంద. చావులు తగ్గి, పిల్లలు బరువెక్కాక అమ్ముడవుతున్నాయి కాబట్టి పాత 180 ఉన్నప్పటి కంటే ఇంటికొచ్చే డబ్బు తగ్గలేదు. వైద్యం మందను పెంచలేదు, తక్కువ మందతో బతికే వీలు ఇచ్చింది. నా పని ఫలితం అదేనని ఒప్పుకోవడానికి నాకు ఇబ్బందేమీ లేదు.

తలల లెక్క

ఈ కుటుంబం తగ్గించుకున్న కాలానికి అటూ ఇటూగా రాష్ట్రం లెక్క పైకి పోయింది. 2012 గణనలో తెలంగాణ గొర్రెలు 1.28 కోట్లు, 2019లో 1.91 కోట్లు. దేశంలో మొదటి స్థానం. 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. మధ్యలో జరిగింది 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్, ధర 1.25 లక్షలు, అందులో 75 శాతం సబ్సిడీ. పొరుగు రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చాయి. తర్వాత కాగ్ చూసినప్పుడు ఆ రవాణా లెక్కల్లో బైకులు, ఆటోలు, అంబులెన్సుల నంబర్లు కూడా బయటపడ్డాయి. అది అవినీతి కథ, దాని దారి దానిది.

నేను చెప్పేది పథకం సవ్యంగా జరిగిన ఊళ్ల సంగతి. దూర ప్రయాణంతో అలిసిన, ఎక్కడెక్కడి రోగాలనో మోసుకొచ్చే జీవాలను, మేత బాట పెరగని ఊళ్లోకి, ఒకేసారి వందల్లో దించడం. గొల్ల కురుమలకు గొర్రె కొత్త కాదు. వాళ్లకు తక్కువైంది గొర్రె కాదు. ఆ డబ్బులో కొంతైనా గైరాన్ హద్దులు తేల్చడానికి, చెరువు శిఖం (చెరువు లోపలి) భూముల్లో మేత పెంచడానికి, మంద దారుల్లో నీటి తొట్లకు పెట్టి ఉంటే ఇరవై ఒక్క జీవాల యూనిట్‌కు నిలబడే చోటు ఉండేది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్యశాలలు మాత్రం మంచి పని. మంద ఉన్న చోటికి వైద్యం కదిలింది అక్కడే.

ఇప్పుడు కొత్త గాలి షెడ్డు పెంపకం. 2021లో మార్చిన జాతీయ పశుసంవర్ధక మిషన్ కింద 500 గొర్రెలు, 25 పొట్టేళ్ల యూనిట్‌కు 50 లక్షల దాకా సబ్సిడీ ఇస్తున్నారు. యూట్యూబులో చూసి చిన్నకొడుకు నన్ను అడిగాడు: మనం చిన్న యూనిట్‌కు పెడదామా సార్ అని. కూర్చుని లెక్క వేశాం. నూరు గొర్రెలకు రోజుకు మూడు నాలుగు వందల కిలోల పచ్చిమేత. అందుకు ఎకరం రెండెకరాల నీటి భూమి, కోసి నరికి పెట్టే మనిషి, పైన దాణా. మేపుడులో మేతకు రూపాయి ఖర్చు లేదు, పైగా మంద నిలిపినందుకు రైతే ఇస్తాడు. షెడ్డులో ఖర్చులో పెద్ద ముక్క మేతే. బోరు లేని మూడెకరాలకు అది అప్పుగానే మిగులుతుంది. నీళ్లు, పెట్టుబడి, మార్కెట్ తెలిసినవాళ్లకు షెడ్డు బాగుండొచ్చు. అది వేరే వ్యాపారం, అందులో కాపరి జీతగాడవుతాడు.

మేత హక్కు గొడవ ఈ నేల మీద కొత్తది కాదు. పుల్లరి (మేత పన్ను) కట్టనన్న కాటమరాజుకూ నెల్లూరు మనుమసిద్ధి సేనకూ జరిగిన యుద్ధాన్ని ఇప్పటికీ కథగా పాడుతున్నారు. పల్నాడులో అడవి మేతకు పుల్లరి కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు 1922లో తూటాలకు బలయ్యాడు. ఇప్పుడు పుల్లరి లేదు, నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. 2006 అటవీ హక్కుల చట్టం కాలానుగుణంగా వచ్చిపోయే పశుపోషకుల మేత హక్కునూ గుర్తిస్తుంది. కానీ గిరిజనులు కానివారు మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం, ఆధారం చూపాలి. వలస మందకు ఏ ఊరి రికార్డులో దొరుకుతుందది? కృష్ణ దాటి కర్నూలు వైపు చూస్తే గని, శకునాల దగ్గర సోలార్ పార్కు ఒక్కటే దాదాపు 6 వేల ఎకరాలు. పలకల కింద గడ్డి ఎలాగూ మొలుస్తుంది, దాన్ని కోయించడానికి ఖర్చూ పెడతారు. కొన్ని దేశాల్లో ఆ పని గొర్రెలకే అప్పజెబుతున్నారు. మన దగ్గర గేటు మూసి ఉంటుంది.

ఇప్పుడున్న పరిస్థితి

ఈ ఇంట్లో పని మెల్లగా కొత్త రకంగా పంచుకున్నారు. తండ్రీ పెద్దకొడుకూ మంద దగ్గర. పెద్దకోడలి చేతిలో గొర్రె పిల్లలు, టీకా రిజిస్టరు, తక్కెడ. కారు నడిపే తమ్ముడు ఫోన్ మీద బేరాలు చూస్తాడు, జియాగూడ మండీ ధర తెలుసుకుని చెబుతాడు. కోత మిషన్ల డ్రైవర్లు కొందరు ఉన్న వాట్సాప్ గ్రూపులో అతనూ చేరాడు. ఏ ఊళ్లో ఏ రోజు కోత పడుతుందో ముందే తెలుస్తుంది, గడ్డికి నిప్పు పెట్టేలోగా మంద అక్కడికి చేరుతుంది. ఇది నేను చెప్పిన సలహా కాదు, వాళ్ల ఆలోచనే. నేను ఇప్పుడు మిగతా మందలకు చెబుతున్నాను.

ఐదారుగురు కంది రైతులతో, ఏ చేలో ఎప్పటినుంచి ఎన్ని రాత్రులు మంద నిలపాలో ముందే నోటుబుక్కులో రాసుకుంటున్నారు. పెంట ఎరువుకు మళ్లీ గిరాకీ వస్తోంది కాబట్టి రైతులూ మొగ్గు చూపుతున్నారు. జరిమానా గొడవలు ఆ బాట మీద దాదాపు ఆగాయి. సొసైటీ తరఫున చెరువు శిఖంలో కొంత భూమి మేతకు ఇవ్వమని దరఖాస్తు పెట్టారు. గొర్రెల కాపరుల సంఘాలు మేత భూములకు సంబంధించిన 559, 1016 జీవోలు అమలు చేయమని ఏళ్లుగా అడుగుతున్నాయి, వీళ్ల కాగితంలోనూ ఆ నంబర్లే ఉన్నాయి. ఇంకా జవాబు రాలేదు. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో సంచార పశుపోషకులను మొదటిసారి విడిగా లెక్కించారు. దరఖాస్తు వెంట ఆ వివరం కూడా జతచేయమని చెప్పాను, ఎంత పనికొస్తుందో చూడాలి.

పొట్టేలు విషయంలో తండ్రికీ కొడుకుకూ పడటం లేదు. ఈసారి నల్ల పొట్టేలును తెద్దామని తండ్రి, సంతలో ధర పలకదని కొడుకు. నేను మధ్యేమార్గం చెప్పాను: వలసపోయే తల్లి గొర్రెల వరస కోసం ఒక దక్కనీ, అమ్మే పిల్లల కోసం రెండు నెల్లూరు. రెండు రకాలనూ వేరువేరుగా కట్టించాలంటే దాటు కాలంలో పొట్టేళ్లను విడిగా ఉంచాలి, దానికి మళ్లీ ఒక మనిషి కావాలి. ఆ మనిషిని ఎక్కడినుంచి తేవాలన్న దగ్గర మాట ఆగింది.